ఊరింటి కప్పు మనమే మార్చుకుందామా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉద్యోగం విశాఖలో. టెక్కలి దగ్గరో చీపురుపల్లి దగ్గరో తాతల నాటి పెంకుటిల్లు. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రికి తాళం వేసి వెళ్లిపోయే ఇల్లే కదా, దానికి మేస్త్రీలు, కూలీలు ఎందుకు, వీడియోలు చూసి మనమే రేకులు వేసేసుకుందాం అనుకునేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చేసేది పైకప్పుల పనే. సొంతంగా చేసుకుంటామంటే వద్దనను. సగం పని నిజంగానే ఎవరైనా చేసుకోవచ్చు. ఏ సగమో తెలియకపోతేనే టెన్షన్. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అనే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: “పెంకుల కంటే రేకు తేలిక. పాత గోడలు, పాత దూలాలు సరిపోతాయి.”

బరువు మోయడం వరకే చూస్తే నిజమే. బంగాళా పెంకు ఒక్కోటి రెండు, రెండున్నర కిలోలు ఉంటుంది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి కాబట్టి పెంకుల బరువే 30 కిలోలకు తగ్గదు. అరమిల్లీమీటరు రంగు రేకైతే చదరపు మీటరుకు అయిదు కిలోల లోపే. ఇంత బరువు తగ్గిందని మనవాళ్లు సంతోషిస్తారు. మన తీరంలో అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. చూరు (కప్పు కింది అంచు), కొప్పు (వాలులు కలిసే పై అంచు), మూలల దగ్గర ఆ పీకుడు ఇంకా ఎక్కువ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు, విసురుగా వచ్చినప్పుడు 165. అంటే సెకనుకు సుమారు 46 మీటర్లు. ఈ వేగాన్ని అదే వేగంతో గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే పీడనం వస్తుంది. ఇంజినీర్ల లెక్క ఇదే. మన భాషలో చెప్పుకుంటే చదరపు మీటరుకు 130 కిలోల దాకా. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది కప్పు మీద అది 1,200 కిలోలు. ఆ గది మీద మీరు వేసిన రేకుల బరువు మొత్తం కలిపినా 50 కిలోలు ఉండదు.

పెంకుటిల్లు కూడా ఈ లెక్కకు ఆగదు కదా అని అడుగుతారు. ఆగదు. కాకపోతే పెంకుల సందుల్లోంచి గాలి బయటికి పోతుంది, అక్కడో పెంకు ఇక్కడో పెంకు లేచిపోతుంది, వాసాలు మాత్రం మిగులుతాయి. రేకుల కప్పుకు ఆ సందులు లేవు. లేస్తే రేకు, దాన్ని బిగించడానికి కింద అడ్డంగా వేసే పట్టీలు, ఒక్కోసారి వాసాలతో సహా మొత్తం ఒకేసారి లేస్తుంది.

అందుకే పెంకు తీసి రేకు వేస్తున్నామంటే కప్పును గోడకు, గోడను పునాదికి కట్టడం కొత్తగా మొదలుపెట్టాల్సిన పని. రేకు పట్టీని వదలకూడదు, పట్టీ వాసాన్ని వదలకూడదు, వాసం గోడను వదలకూడదు, గోడ పునాదిని వదలకూడదు. ఈ నాలుగింటిలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది. స్క్రూలు బోలెడు కొట్టి, వాసాన్ని మాత్రం పాత మేకులతో గోడ మీద ఊరికే కూర్చోబెట్టిన కప్పులు ఎన్ని చూశానో! వాసం మీదుగా ఇనుప పట్టీ తిప్పి రెండు వైపులా బోల్టు వేయాలి. ఆ బోల్టు గోడ మీద పోసిన కాంక్రీటు బెల్టులో పాతుకోవాలి. మట్టిగోడలో బోల్టు బిగించడమంటే బురదలో మేకు కొట్టడమే. విజయనగరం వైపు పాత ఇళ్లు చాలావరకు మట్టిగోడలే కాబట్టి, అక్కడ గోడను నమ్ముకోకుండా నాలుగు మూలలా ఇనుప స్తంభాలు నిలబెట్టి, కింద కాంక్రీటు దిమ్మలు పోసి, కప్పును వాటికే బిగించమంటాను. ఖర్చు పెరుగుతుంది. పెరిగినా చేయించాల్సిందే.

అపోహ: “ఇసుక బస్తాలు, రాళ్లు పెడితే రేకులు కదలవు.”

పైన చెప్పిన 1,200 కిలోలు గుర్తుంచుకుని, ఎన్ని బస్తాలు ఎక్కిస్తారో మీరే లెక్క వేసుకోండి. మామూలు ఈదురుగాలికి బస్తాలు పనికొస్తాయి. తుఫానులో రేకు లేచిందంటే దాని మీది రాయి ఎవరింట్లో పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: “గాలి వచ్చినప్పుడు తలుపులు తీసి ఉంచితే అటు నుంచి ఇటు వెళ్లిపోతుంది, కప్పు నిలబడుతుంది.”

ఊళ్లో పెద్దవాళ్లు కూడా నమ్మకంగా చెప్పే మాట ఇది. గాలి వచ్చే వైపు తలుపు తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి తోస్తుంది, పై గాలి ఎలాగూ పీకుతూనే ఉంటుంది. రెండూ కలుస్తాయి. పైగా తుఫాను నడిమధ్య భాగం, అంటే కన్ను, దాటాక గాలి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. కాబట్టి అన్ని వైపులా గడియలు బిగించాల్సిందే. వారంలో అయిదు రోజులు తాళం వేసి ఉండే ఇల్లయితే వెళ్లే ముందు కిటికీ రెక్కల గడియలు ఒక్కొక్కటీ పట్టి చూసుకోండి. విరిగిన ఒక్క కిటికీ చాలు.

అపోహ: “వాలు కొంచెం తగ్గిస్తే రెండు రేకులు మిగులుతాయి.”

మిగులుతాయి. నీళ్లు మెల్లగా జారతాయి, అతుకుల దగ్గర లోపలికి ఎక్కుతాయి, గాలి పీకుడు కూడా ఎక్కువవుతుంది. పెంకుటిళ్లకు తాతలు పెట్టిన వాలు సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. దాన్ని మార్చకండి. వీలైతే రెండు వైపుల వాలు కన్నా నాలుగు వైపుల వాలు మేలు, గాలికి ఎదురుగా నిలబడే ముక్కోణపు గోడ ఉండదు. మన తీరంలోని పాత చుట్టిళ్లు చూడండి. గుండ్రటి గోడ, కోసుగా నిటారు వాలు, భూమికి దగ్గరగా దిగిన చూరు. గాలిని ఎదిరించకుండా పక్కకు తప్పించే కట్టడం అది.

ఇక వసారా. నీడ కోసం పెద్దింటి రేకునే నాలుగైదు అడుగులు ముందుకు లాగేస్తుంటారు. గాలికి అదే పట్టు దొరికే చోటు. చూరు అడుగున్నర దాటనివ్వకండి. వసారాకు వేరే పట్టీలు, వేరే రేకులు, వేరే స్తంభాలు పెట్టండి. పోతే వసారా కప్పు ఒక్కటే పోతుంది.

అపోహ: “స్క్రూ ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది. కారితే పైన ఏదో ఒకటి పూసేద్దాం.”

కొత్త రేకుల ఇల్లు మొదటి వానకే కారిందంటే నేను ముందు చూసేది స్క్రూ కింది నల్ల రబ్బరు వాషరునే. అతిగా బిగిస్తే అది నలిగి పక్కకు వచ్చేస్తుంది, రెండు ఎండాకాలాలకు చీలిపోతుంది. వాషరు కాస్త ఉబ్బి, రేకుకు అంటుకోగానే ఆపేయాలి. స్క్రూ రేకు పొంగు మీద వేయాలి. పల్లంలో వేస్తే వాన నీరంతా దాని మీదుగానే పారుతుంది. పట్టీల మధ్య దూరం నడుమ నాలుగు అడుగులు మించకుండా, చూరు, కొప్పు, రెండు చివర్ల దగ్గర రెండున్నర, మూడు అడుగులకు తగ్గించి పెడతాను. చివర్లలో ప్రతి పొంగుకూ ఒక స్క్రూ.

రేకును కటింగ్ మెషిన్‌తో కోయకండి. అంచు దగ్గర పూత కాలిపోతుంది, ఎగిరిన ఇనుప రవ్వలు రేకు మీద పడి వారానికల్లా తుప్పు చుక్కలవుతాయి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఆ చుక్కలే బొక్కలవుతాయి. రేకు కత్తెర వాడండి, లేదా కొలత చెప్పి దుకాణంలోనే కోయించుకోండి. సోంపేట, కవిటి, పూసపాటిరేగ లాంటి తీర మండలాల్లో మామూలు జింకు రేకు కన్నా అల్యూమినియం, జింకు కలిసిన పూత ఉన్నది చాలా ఎక్కువ కాలం వస్తుంది. రేకు మందం కన్నా పూత గురించి ఎక్కువ అడగండి. కొబ్బరిచెట్టు కింద ఇల్లయితే మాత్రం మందం కూడా చూసుకోవాలి.

అపోహ: “సిమెంటు రేకు వల్ల హాని ఏముంది బావూ, ఇన్నేళ్లు దాని కిందే పడుకున్నాం కదా.”

కప్పు మీద కదలకుండా ఉన్నంతవరకు పెద్ద ప్రమాదం లేదు, నిజమే. తీసేటప్పుడే ప్రమాదం. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు పోగు ఉంటుంది. విరిగినా, కోసినా, రుద్దినా కంటికి కనిపించని పోగులు గాలిలోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది కొన్ని దశాబ్దాల తర్వాత. ఆస్‌బెస్టాస్‌లో ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రేకుల అమ్మకానికి మన దేశంలో నిషేధం లేదు కాబట్టి హాని లేదనుకోవడం పొరపాటు.

ముందు రేకును నీళ్లతో బాగా తడపండి. బోల్టు తుప్పు పట్టి రాకపోతే రేకును పగలగొట్టకుండా బోల్టునే కోయండి. రేకును పూర్తిగా దింపండి, పైనుంచి విసరొద్దు. చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు కూడా చాలదు, పి100 లేదా ఎఫ్‌ఎఫ్‌పి3 రకం మాస్కు ఉండాలి. పొడి చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. పిల్లల్ని ఆ పూట చుట్టాలింటికి పంపేయండి. ముక్కల్ని దారి గుంటల్లో పోసి చదును చేసే అలవాటు మన ఊళ్లలో ఉంది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. బళ్లు తిరిగే కొద్దీ అది నలిగి పొడి అవుతూనే ఉంటుంది.

ఇంకోటి, సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు. పైకి బాగానే కనిపిస్తుంది, చెప్పకుండా విరుగుతుంది. కింద పట్టీలు ఉన్న చోట అడ్డంగా చెక్క పలకలు వేసి, వాటి మీదే నడవండి. నడుముకే కాక భుజాలకు, తొడలకు కూడా పట్టే సేఫ్టీ బెల్టు, దాని తాడు కొప్పు దూలానికి. “పదడుగులే కదా” అనేవాళ్లకు చెప్పేదొకటే, నడుము విరగడానికి పదడుగులు చాలు.

అపోహ: “శని, ఆదివారాల్లో అయిపోతుంది.”

విప్పడం అయిపోతుంది. కప్పడం అవ్వదు. సోమవారం ఆఫీసు ఉందని ఒక్కో రేకుకు రెండు స్క్రూలు వేసి వెళ్లిపోతే, వైశాఖంలో సాయంత్రం లేచే గాలివానకు ఆ రేకు కత్తిలా వీధిలోకి వస్తుంది. ఒక శని, ఆదివారాల్లో మళ్లీ కప్పగలిగినంతే విప్పండి, ఆ భాగాన్ని పూర్తిగా బిగించాకే ఇంకో భాగం ముట్టుకోండి. మిగిలిన రేకుల కట్టను నేల మీద తాడుతో కట్టి వెళ్లండి. పెంకులు కొప్పు నుంచి కిందికి, రెండు వైపులా సమానంగా దింపండి. ఒక వైపు మొత్తం ఖాళీ చేస్తే పాత వాసాలు బరువున్న వైపుకు ఒరుగుతాయి.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఉగాది లోపు ముగించండి. జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం.

కరెంటు సర్వీసు వైరు చూరును రాసుకుంటూ వెళ్తున్నా, కప్పు మీది పైపుకు కట్టి ఉన్నా, ముందు లైన్‌మన్‌ను పిలిపించి తీయించండి. పెంకుల మీద ఏళ్ల తరబడి ఏమీ చేయని పాత వైరు, రేకు తగిలితే ఇల్లంతా షాక్ కొట్టిస్తుంది.

అపోహ: “పాత పెంకుల కప్పు పనికిరాదు, రేకే దారి.”

దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. పెంకును వేలితో కొట్టి చూడండి. ఖంగున మోగితే దానికి ఇంకా ఆయుష్షు ఉంది. బొంగురుగా పలికితే పక్కన పెట్టండి. వాసాలు గోడలోకి దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి, చెద, తడి ముందు పట్టేది అక్కడే. సులువుగా దిగిపోతే ఆ వాసం మార్చాలి, మిగతావి అలాగే ఉంచొచ్చు. చాలా ఇళ్లలో నిజంగా మార్చాల్సింది కొన్ని వాసాలు, పట్టీలే.

ఈ పని మీ ఇంటిల్లిపాదీ చేసుకోవచ్చు. పెంకులు దింపడం, ఏరడం, కడగడం, వాసాలకు చెద మందు పూయడం, మళ్లీ పేర్చడం. వాసాలను గోడకు బిగించే పని మాత్రం చేతనైనవాడికి ఇవ్వండి. పేర్చేటప్పుడు చూరు వరసలు, కొప్పు వరసల పెంకుల్ని కింది బొడిపె చిల్లులోంచి తీగ లాగి పట్టీకి కట్టండి. ఓ యాభై మంచి పెంకులు వేరుగా, గోడవారన నిలువుగా పేర్చి ఉంచుకోండి. ఆ సైజువి బజారులో మళ్లీ దొరకడం కష్టం.