బేరింగు ఎప్పుడు మార్చాలి?

బాగా తిరుగుతున్న మోటారును ఆపి బేరింగు మార్పించడం ముందుచూపా, డబ్బు దండగా అన్నది వాదించుకోవలసిన విషయం కాదు. లెక్కవేసి తేల్చుకోదగ్గ విషయం. ముందే మార్చుకుంటే కూలితో కలిపి 500 రూపాయలు, బేరింగు పట్టేసి వైండింగ్ కాలిపోతే 5,000 రూపాయలు అవుతుందనుకుందాం. బేరింగు ఆయుష్షు, స్వీడన్ ఇంజనీరు వైబుల్ 1951 నాటి పత్రంతో ప్రసిద్ధికెక్కిన సంభావ్యతా విభాజనాన్ని (ఏ వయసులో చెడే అవకాశం ఎంతో చెప్పే సూత్రాన్ని) అనుసరిస్తుందనీ, అందులో చెడే రేటు వయసుతో ఎలా మారుతుందో చెప్పే ఆకార పరామితి 2, ఆయుష్షు ఎంత పొడవో సూచించే కాల పరామితి 3,000 గంటలనీ తీసుకుందాం. ఆకార పరామితి 2 అంటే, చెడిపోయే రేటు వయసుకు అనులోమానుపాతంలో పెరుగుతుందని అర్థం.

బేరింగు బిగించినప్పటి నుంచి తీసేసేవరకు అయ్యే సగటు ఖర్చును, అది తిరిగే సగటు గంటలతో భాగించాలి. చెడేదాకా వదిలేస్తే అది సగటున 2,659 గంటలు నడుస్తుంది కనుక గంటకు 1.88 రూపాయలు పడుతుంది. 1,000 గంటలకు మార్చే పద్ధతిలో, ఆలోగా చెడే సంభావ్యత 10.5 శాతం, సగటు ఖర్చు 973 రూపాయలు, సగటు నడక 964 గంటలు, అంటే గంటకు 1.01 రూపాయి. దాదాపు ఇదే కనిష్ఠం. అతిజాగ్రత్తతో 300 గంటలకే మార్చామా, గంట ఖర్చు 1.82కు ఎగబాకి, అసలు పట్టించుకోనివాడి ఖర్చుతో ఇంచుమించు సమానమవుతుంది! 800 గంటలకు మార్చినా, 1,300కు మార్చినా మాత్రం 1.04 దాటదు. తరగతిలో అవకలనం చేయించి కనిష్ఠ బిందువును రాబట్టే అధ్యాపకులు, ఆ బిందువు చుట్టూ వక్రరేఖ ఎంత చదునుగా ఉందో చూపించరు. మెకానిక్‌కు పనికొచ్చేది ఆ చదునే.

ఆకార పరామితి 1 అయితే కథ తారుమారవుతుంది. పాత భాగం చెడే అవకాశమూ, కొత్తది చెడే అవకాశమూ ఒకటే కాబట్టి, ముందుగా మార్చడం వల్ల దమ్మిడీ లాభం ఉండదు. దసరానాడు యంత్రానికి నిమ్మకాయ కట్టడాన్ని మూఢనమ్మకమనేవారే అలాంటి భాగాలను మూడు నెలలకోసారి మార్పిస్తుంటారు. నిమ్మకాయ కనీసం చవక.

ఆకార పరామితి 1 కంటే తక్కువైతే, అంటే కొత్తలోనే ఎక్కువగా చెడి, వయసు పెరిగేకొద్దీ చెడే రేటు తగ్గితే, మార్చడం హానికరం కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంపై గస్తీ తిరిగే బ్రిటిష్ వైమానిక విభాగం కోస్టల్ కమాండ్ విమానాల రికార్డులను పరిశీలించిన జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ బృందానికి, 50 గంటలకోసారి జరిగే తనిఖీ ముగిసిన వెంటనే అనుకోని మరమ్మతులు పెరిగి, తర్వాత క్రమంగా తగ్గుతున్నట్లు కనిపించింది. సవ్యంగా ఉన్నదాన్ని విప్పి బిగించడమే లోపాలకు తావిస్తోంది.

కాబట్టి ముందు ఆకార పరామితిని అంచనా కట్టాలి. అందుకు లాగ్‌బుక్ కావాలి. అందులో చెడిపోయిన బేరింగులనే కాక, చెడకుండానే తీసేసినవి ఎన్ని గంటలు తిరిగాయో కూడా రాయాలి. వాటిని వదిలేస్తే ఆయుష్షు అంచనా ఉన్నదానికంటే తక్కువగా వచ్చి, మార్చవలసిన గడువు అనవసరంగా తగ్గిపోతుంది.