పక్కింటికి కనెక్షన్ ఇస్తే మన నెట్ స్లో అవుతుందా? అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంటింటికీ ఫైబర్ పడుతున్నకొద్దీ వినిపించే మాటలివి.

అపోహ: కొత్త ఇల్లు కలిపిన ప్రతిసారీ ఉన్న స్పీడు పంపకాలైపోతుంది.

వాస్తవం: జీపాన్‌లో (ఇళ్లకు ఫైబర్ పంచే పద్ధతి) ఒక్కో పోర్టుకి, అంటే ఆపరేటర్ పెట్టెలో ఫైబర్ బయలుదేరే చోటికి, డౌన్‌లోడ్ 2.5 జీబీపీఎస్ (2,500 ఎంబీపీఎస్). దాని మీద 64 ఇళ్లుండి, అందరూ ఒకేసారి 4కె సినిమా పెట్టారనుకోండి. ఇంటికి 15 ఎంబీపీఎస్ చొప్పున 960 అవుతుంది, పోర్టు సగం కూడా నిండదు. పాత పద్ధతైన ఈపాన్ పెట్టెలో మాత్రం చేతికొచ్చేది 1 జీబీపీఎస్సే, అక్కడ 32 ఇళ్ల దగ్గర ఆగడం మేలు.

అసలు ఇరుకు ఆ పైన ఉంటుంది. 8 పోర్టుల ఓఎల్‌టీ (ఆపరేటర్ దగ్గర ఇళ్ల ఫైబర్లన్నీ చేరే పెట్టె) నిండితే 512 ఇళ్లు. దాని అప్‌లింక్ (ఆ పెట్టెను పై నెట్‌కి కలిపే లైను) ఒక్క జీబీ మీదే ఉంచేస్తే, 5 ఎంబీపీఎస్ హెచ్‌డీ వీడియోలు 200 నడిచేసరికి నిండిపోతుంది. పగలంతా బాగున్న నెట్ రాత్రి ఎనిమిదయ్యేసరికి గిరగిరా తిరిగేది అందుకే. ఆ లైనుకి రెండు వైపులా 10 జీబీ మాడ్యూళ్లు (లైటు పంపి అందుకునే ముక్కలు) వేసి, పై నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ పెంచాలి. నెల సగటు చూసి ధీమాగా కూర్చోవద్దు. ఐదు నిమిషాల గ్రాఫులో రాత్రి వాడకం 70 శాతం తాకితే ఆర్డరు పెట్టేయాలి.

అపోహ: పెద్ద ప్లాన్ తీసుకుంటే రాత్రి ఆగదు.

వాస్తవం: అప్‌లింక్ నిండాక 50 ప్లానుకీ 200 ప్లానుకీ అదే అవస్థ. డబ్బు కట్టేముందు లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో ఓఎన్‌యూకి (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) కలిపి, ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి టెస్టు చేయండి. రాత్రి మాత్రమే పడిపోతే అప్‌లింక్. రెండుసార్లూ బాగుండి ఫోన్లో రాకపోతే వైఫై.

అపోహ: స్ప్లిట్టర్‌కి (ఒక ఫైబర్‌లోని లైటును పలు ఇళ్లకు పంచే పరికరం) ఇల్లు కలిపితే పాతవాళ్ల లైటు తగ్గుతుంది.

వాస్తవం: 1:8 స్ప్లిట్టర్ (ఒకటిని ఎనిమిదిగా చీల్చేది) ఒక్క ఇల్లున్నా, ఎనిమిదున్నా సుమారు 10.5 డీబీ (లైటు నష్టం కొలత) తినేస్తుంది. దాని ఖాళీ కాలుకి (అవుట్‌పుట్‌కి) ఇల్లు తగిలిస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ 1:4 పీకేసి ఆ చోట 1:8 పెడితే అందరికీ 3 డీబీ పైగా పోతుంది. లైటు రీడింగు మైనస్ 20 ఉన్న (మైనస్ అంకె పెరిగేకొద్దీ లైటు తక్కువ) ఇంటికి తేడా తెలియదు, ఎందుకంటే లైటు సరిపడా ఉన్నంతవరకు స్పీడు మారదు. మైనస్ 25లో ఉన్న ఇల్లు మాత్రం మైనస్ 28కి జారి, ఓఎన్‌యూ మీద ఎల్‌ఓఎస్ (లైటు సరిగా అందట్లేదని చెప్పే) ఎర్రలైటు మిణుకుతుంది. తప్పు కొత్త ఇంటిది కాదు, లెక్క చూడకుండా మార్చినవారిది. స్ప్లిట్టర్ మార్చిన రోజు స్తంభం దిగి ఊరుకోకుండా పాత ఇళ్ల రీడింగులన్నీ మళ్లీ తీయాలి. మైనస్ 25 దాటిన ఇంట్లో ముందు టీవీ వెనక మడతపడ్డ ప్యాచ్‌కార్డు (ఓఎన్‌యూకి పెట్టే పొట్టి ఫైబర్ తీగ) సరిచేసి, కనెక్టరు మూతిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అయినా తేరుకోకపోతే జాయింటు మళ్లీ వేయాల్సిందే.