రెండు పూటలంటే పొద్దున, రాత్రి కాదు సామీ!

తిరుపతిలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడి ఇరవై ఏళ్లు దాటింది. బీపీ, షుగరు తర్వాత ఎక్కువగా వచ్చేది యాంజైనా చీటీలే. అంటే నడిస్తే ఎద పట్టేసినట్టుండి, ఆగితే తగ్గే నొప్పి. ఈ మందుల మీద ఉన్నన్ని అపోహలు ఇంకే మందు మీదా చూడలేదు. వాటిలో ఒకటి నేనూ కొన్నాళ్లు మోశాను. దాంతోనే మొదలుపెడతా.

అపోహ: రోజుకు రెండంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి

చాలా మాత్రలకు సరిపోయే ఈ లెక్క, యాంజైనాకు రాసే నైట్రేట్ జాతి మందు ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్‌కు చెల్లదు. 20 మిల్లీగ్రాముల మామూలు మాత్ర పొద్దున 8కి వేసుకుంటే, రెండోది ఏడు గంటల తర్వాత, మధ్యాహ్నం 3కి. ఇక మర్నాడు పొద్దున దాకా ఏమీ ఉండదు.

ఆ ఖాళీ కావాలనే పెట్టింది. ఈ మందు రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం కాస్త తగ్గి దాని మీద బరువు తగ్గుతుంది. కానీ ఇరవై నాలుగు గంటలూ ఒంట్లో మందు ఉంటే నాళాలు దానికి అలవాటు పడిపోతాయి, మాత్ర వేసుకున్నా లాభం ఉండదు. రాత్రి పది, పన్నెండు గంటలు మందు లేకుండా వదిలితే మర్నాటి మాత్ర మళ్లీ పనిచేస్తుంది.

షాపు పెట్టిన కొత్తలో నేను కవరు మీద 1-0-1 అని రాసిచ్చేవాణ్ని. చీటీలో మధ్యాహ్నం అని ఉన్నా సరే, చెయ్యి అలవాటుగా అదే రాసేది. పీలేరు వైపు పెద్దాయన ఒకరు నెల తర్వాత వచ్చి, "మొదట్లో బాగా పనిచేసింది నాయనా, ఇప్పుడు బస్టాండు మెట్లెక్కినా పట్టేస్తా ఉంది" అన్నారు. వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. కాసేపటికి డాక్టరుగారే ఫోను చేసి, కవరు మీద ఆ రాత ఎవరిదని అడిగారు. అప్పట్నుంచి పూటలు రాయను, గంటలు రాస్తా.

నెమ్మదిగా కరిగే రకమైతే మామూలుగా పొద్దున ఒక్కటే. దాన్ని నమలకూడదు, నూరకూడదు. రాత్రుళ్లు నొప్పి వచ్చేవాళ్లకు, కొండ మీద నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు డాక్టరు గంటలు మార్చి రాయవచ్చు. మీ అంతట మీరు మార్చుకోవద్దు.

అపోహ: తలకాయ నొప్పి వచ్చిందంటే మందు పడలేదు

గుండె దగ్గర నాళాలను వదులు చేసే మందు తలలోని వాటిని మాత్రం ఎందుకు విడిచిపెడుతుంది? మొదటి రోజుల్లో తల దిమ్ముగా కొట్టుకోవడం మామూలే. ఎక్కువమందికి వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు గుండె రోగులకు మంచివి కావు, అడిగినా నేను ఇవ్వను. తట్టుకోలేకపోతే డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గించి మెల్లగా పెంచుతారు.

ఈ తలనొప్పికి పెద్ద చరిత్రే ఉంది. ఇదే జాతి మందు నైట్రోగ్లిజరిన్‌ను 1847లో ఇటలీలో సోబ్రెరో అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. నాలుక మీద కొంచెం పెట్టుకుంటేనే తల పగిలిపోయేదట. తర్వాత నోబెల్ దాంతో డైనమైట్ చేశాడు. డైనమైట్ ఫ్యాక్టరీల్లో కూలీలకు సోమవారం తలనొప్పి వచ్చేది, వారం గడిచేకొద్దీ తగ్గేది. ఆదివారం సెలవు తర్వాత మళ్లీ సోమవారం మొదలు. వాళ్లకు సెలవు చేసిన పనే మీకు రాత్రి ఖాళీ చేస్తోంది. గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్‌ను 1879లో లండన్ డాక్టరు మరెల్ వాడి రాశాడు. చివరి రోజుల్లో నోబెల్‌కూ డాక్టర్లు ఇదే మందు రాశారు.

అపోహ: నాలుక కింద మాత్ర జేబులో ఉంటే ఏ కొండైనా ఎక్కొచ్చు

అలిపిరి దారిలో 3,550 మెట్లు. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానమే చెబుతోంది. అయినా మొక్కు ఉందని బయలుదేరుతారు. మొక్కును తప్పు పట్టను గానీ, డాక్టరును అడగకుండా మొదటి మెట్టు కూడా ఎక్కొద్దు. బస్సులో వెళ్లినా స్వామి కాదనడు.

నొప్పి వస్తే కూర్చుని మాత్ర పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నీళ్లతో మింగేయొద్దు, నాలుక కిందే కరగాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగుతూ కూర్చునేవాళ్లంటే నాకు భయం.

ఎవరూ గట్టిగా అడగని సంగతి

షాపులో జనం పల్చబడేదాకా ఆగి, గొంతు తగ్గించి "ఆ మాత్ర" అడుగుతారు. ఒక్కోసారి స్నేహితుణ్ని పంపిస్తారు. అంటే మగతనం కోసం వాడే వయాగ్రా రకం మాత్రలు. ఆ సిల్డెనఫిల్, టడలఫిల్‌లు నైట్రేట్లతో కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. రోజూ నైట్రేట్ వేసుకునేవాళ్లు వీటి జోలికే పోకూడదు. నొప్పితో ఆస్పత్రికి వెళ్తే, టడలఫిల్ అయితే రెండు రోజుల కింద వేసుకున్నది కూడా డాక్టరుకు చెప్పాలి. అక్కడ సిగ్గుపడితే కుదరదు.

యాంజైనాకు రాసే మిగతా మందులు, చకచకా

ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తే కిడ్నీలు పోయాయని కాదు, ఆ మందుకు ఉన్న గుణమే అది. చెబితే డాక్టరు మారుస్తారు. మెటోప్రొలాల్ మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, నొప్పి ఎదురు తిరుగుతుంది. రానోలజీన్‌తో మలబద్ధకం, నికోరాండిల్‌తో నోటిపూత రావచ్చు.

శనివారం ఒక్కపొద్దని మాత్రలు మానేసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుంటే స్వామి కోప్పడడు. మధ్యాహ్నం మాత్ర మర్చిపోయి ఒకటి రెండు గంటల్లో గుర్తొస్తే వేసుకోండి. చీకటి పడ్డాక గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయండి, మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు.

మూడింటి మాత్ర గుర్తుండడం కష్టమే. మా వీధిలో ఒకమ్మ వాళ్లాయన స్ట్రిప్పును కాఫీ పొడి డబ్బా మీద రబ్బరు బ్యాండు వేసి పెట్టింది. మూడింటికి కాఫీ అడగకుండా ఆయన ఉండలేడు. మాత్ర వేసుకున్నాకే గ్లాసు చేతికిస్తుంది.