లైవ్ మ్యూజిక్ ఫొటోగ్రఫీ: అపోహలు, వాస్తవాలు

ఫొటోగ్రఫీ నేర్చుకుంటూ ఏదో ఒక కచేరీ ఫొటో చూసి దీని పిచ్చిలో పడేవాళ్లు చాలామందే ఉంటారు. మంచిదే. కాకపోతే వాళ్ల నోట ఎప్పుడూ అవే మాటలు వింటుంటాను.

అపోహ: ఖరీదైన కెమెరా లేకపోతే స్టేజీ ఫొటోలు రావు.

బాడీ సంగతి తర్వాత, ముందు లెన్స్ చూడండి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ను జూమ్ చేస్తే దాని ద్వారం ఎఫ్/5.6కి పోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది), అంటే ఎఫ్/1.8తో పోలిస్తే వెలుగు దాదాపు పదో వంతే. చిన్న వేదికకి 50 ఎంఎం ఎఫ్/1.8 చాలు.

అపోహ: గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తే ఫొటో పోయినట్టే.

ఈ భయంతోనే ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచకుండా షట్టర్‌ని 1/60 సెకనుకి దించేస్తారు, గాయని తల ఊపగానే ముఖం అలికేసినట్టు వస్తుంది. గ్రెయిన్‌ని ఇంటికెళ్లి తగ్గించుకోవచ్చు, అలికిన ముఖాన్ని ఏం చేస్తారు? ఐఎస్‌ఓ 3200, 6400 అయినా పర్లేదు, షట్టర్ 1/250 దగ్గర మొదలుపెట్టండి, డ్రమ్మర్‌కైతే 1/500. ఎల్‌ఈడీ లైట్ల కింద అడ్డచారలు పడుతుంటే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి మెకానికల్‌కి మారండి. ఎర్ర లైటు, నీలం లైటు ఒక్క రంగునే నింపేసి ముఖంలో వివరాలు మింగేస్తాయి కాబట్టి రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే అసలు డేటా) తప్పనిసరి.

అపోహ: షార్ప్‌గా లేని ఫొటో పనికిరాదు.

1979లో న్యూయార్క్‌లో ది క్లాష్ అనే రాక్ బ్యాండ్‌లోని పాల్ సిమనన్ తన బాస్ గిటార్‌ని నేలకేసి కొడుతుండగా పెన్నీ స్మిత్ తీసిన ఫొటో ఫోకస్‌లో లేదు, బ్యాండ్ ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ కవర్‌కి వద్దని ఆవిడే అన్నారు. చివరికి అదే కవర్ అయింది, రాక్ చరిత్రలో అంత పేరున్న ఫొటోలు కొన్నే ఉన్నాయి. అలాగని ఫోకస్ తప్పిన ప్రతిదాన్నీ కళ అనుకోకండి!

ఫ్లాష్ గురించి రెండు ముక్కలు. పెద్ద షోల్లో ఫొటోలు తీయనిచ్చేది మొదటి మూడు పాటలకే, అదీ ఫ్లాష్ లేకుండా, ఇదే మామూలు నియమం. అంతమాత్రాన ఫ్లాష్ పాపం కాదు, 1948లో జాజ్ శాక్సఫోన్ కళాకారుడు డెక్స్‌టర్ గోర్డన్‌ని తీసిన హెర్మన్ లెనర్డ్ ఫొటోలో సిగరెట్ పొగ అలా మెరవడానికి వెనక నుంచి కొట్టిన ఆయన లైటే కారణం. లైటు ఎటు నుంచి వస్తుందన్నది చూడటం నేర్చుకోవాలంటే ఆ ఒక్క ఫొటో ముందు కాసేపు కూర్చోండి.

అన్నిటికంటే పెద్ద అపోహ: కన్ను ఉంటే చాలు, సంగీతం తెలియక్కర్లేదు.

తెలియాలి. శాస్త్రం అక్కర్లేదు, పాట తెలిస్తే చాలు. పాడుతున్నంతసేపూ మైకు సగం ముఖాన్ని మూసేస్తుంది, చరణం ఆఖర్న ఊపిరి కోసం వెనక్కి జరిగినప్పుడే ముఖం దొరుకుతుంది, అది ఎప్పుడో పాట తెలిసినవాడికే ముందుగా తెలుస్తుంది. గిటారిస్ట్ సోలో ఎక్కడ మొదలవుతుంది, అందరూ ఒక్కసారిగా ఎక్కడ ఆగుతారు, డ్రమ్మర్ కర్ర పైకెత్తేది ఎక్కడ, ఇవన్నీ వెళ్లే ముందు వారం వింటే చెవికి పట్టుబడతాయి. చూశాక నొక్కితే ఆలస్యమే. బర్స్ట్‌లో (బటన్ నొక్కి పట్టుకుని వరసగా) వందల ఫ్రేములు కొట్టి ఇంటికెళ్లి వెతుక్కునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, కార్డు నిండుతుంది తప్ప క్షణం దొరకదు.

ఇక చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుంటే పాట వినిపించదనేవాళ్లకి: వినిపిస్తుంది, నిక్షేపంగా. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 100 డెసిబెల్స్ చప్పుడుకి రోజుకి 15 నిమిషాలే పరిమితి. స్పీకర్ల ముందు మూడు పాటలు నిలబడితే అది అయిపోతుంది. మామూలు ఫోమ్ ప్లగ్‌లు వాడినా సరే, ఒక జత ఎప్పుడూ బ్యాగులో పడేసుకోండి.