తిప్పే మోటారు లేని రోటర్

చిన్నప్పుడు తాటాకు ముక్కను తుమ్మముల్లుతో పుల్లకు గుచ్చి, గాలికి ఎదురుగా పరుగెత్తిన వాళ్లకు ఆటోజైరో అనే ఎగిరే యంత్రం సగం తెలిసినట్టే. ఆ పంకాను ఎవరూ తిప్పరు. మనం పరుగెత్తుతాం, అది తిరుగుతుంది. ఆటోజైరోలోనూ ముక్కు దగ్గరో వెనకో ఉండే ప్రొపెల్లర్ చేసే పని ఆ పరుగే. ఎదురుగాలికి నెత్తిమీది రోటర్, అంటే పొడవాటి రెక్కల పెద్ద పంకా, తనంతట తాను తిరుగుతుంది. తిరుగుతూ మొత్తం బరువు మోస్తుంది.

నా రిమోట్ ఆటోజైరోను చూసిన ప్రతి ఒక్కరూ మొదట అనే మాట ‘హెలికాప్టరా?’ అని. కాదు. హెలికాప్టర్‌లో రోటర్‌ను ఇంజనే తిప్పుతుంది. అది పైగాలిని లాగి కిందికి తోస్తుంది. ఆ తిప్పుడికి ఒళ్లు ఎదురు తిరగకుండా మామూలుగా తోక దగ్గర ఇంకో చిన్న పంకా కావాలి. ఆటోజైరో రోటర్ ఇరుసు మాత్రం బేరింగుల మీద ఊరికే నిలబడి ఉంటుంది, ఎగిరేటప్పుడు దాన్ని ఏ మోటారూ తిప్పదు. అందుకే తోక పంకాతోనూ పని లేదు. రోటర్ కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి గాలి ముందు వైపు కింది నుంచి వచ్చి, రెక్కల మధ్యగా పైకి పోతుంది.

కింది నుంచి వచ్చే గాలి రెక్కను పైకి నెట్టాలి గానీ ముందుకెందుకు లాగుతుంది? పక్కగాలితోనే పడవను ముందుకు నడిపే తెరచాపను తలచుకుంటే విషయం తేలిపోతుంది. రెక్క మీద పుట్టే లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, రెక్కను తాకే గాలికి లంబంగా ఉంటుంది. గాలి కింది నుంచి ఏటవాలుగా వస్తోంది కనుక ఆ బలం నిట్టనిలువుగా కాక, ఒక పిసరు ముందుకు వాలుతుంది. రెక్కను లాక్కుపోయేది ఆ పిసరే. అయితే రెక్క పొడవునా ఇలా ఉండదు. కొస భాగం మరీ వేగంగా పోతుంది కాబట్టి అక్కడ గాలి ఒరిపిడిదే పైచేయి. మధ్యభాగం సంపాదిస్తుంది, కొస ఖర్చు పెడుతుంది. రెండూ సరిపోయిన వేగం దగ్గర రోటర్ కుదురుకుంటుంది.

దీన్ని కనిపెట్టినవాడు స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా. 1919లో ఆయన కట్టిన మూడు ఇంజన్ల విమానం తక్కువ ఎత్తులో వేగం చాలక కూలిపోయింది. వేగం తగ్గినా కూలని విమానం కావాలని ఆయనకు పట్టుదల పుట్టింది. విమానం మెల్లగా పోతున్నా రెక్కలు మాత్రం వేగంగా కదలాలి, అంటే అవి తిరుగుతూ ఉండాలి. ఆలోచన బాగానే ఉంది. కానీ ఆయన కట్టిన మొదటి యంత్రాలన్నీ నేల వదలబోతూ పక్కకు ఒరిగాయి.

కారణం చిన్న లెక్కలో ఉంది. మీటరు వెడల్పు రోటర్ నిమిషానికి 600 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం సెకనుకు దాదాపు 31 మీటర్లు. యంత్రం సెకనుకు 10 మీటర్ల వేగంతో ముందుకు పోతుంటే, ముందుకు వచ్చే రెక్క కొసకు 41 మీటర్ల గాలి తగులుతుంది, వెనక్కి పోయే దానికి 21 మీటర్లే. లిఫ్ట్ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక కొసల దగ్గర ఒక పక్క రెండో పక్కకన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఒరగక ఏం చేస్తుంది?

చిత్రమేమిటంటే, సియెర్వా చేసిన చిన్న నమూనా మాత్రం చక్కగా ఎగిరింది. పెద్దది పడిపోతుంటే చిన్నది ఎందుకు ఎగురుతోంది? నమూనా రెక్కల్లో పేము బద్దలున్నాయి, అవి వంగుతాయి. పెద్ద యంత్రం రెక్కలు బిగుసుకుని ఉన్నాయి. నమూనాలో ముందుకు వచ్చే రెక్క ఎక్కువ లిఫ్ట్ పుట్టగానే పైకి లేస్తోంది. లేస్తున్న రెక్కకు గాలి తగిలే కోణం తగ్గుతుంది, దాంతో లిఫ్టూ తగ్గుతుంది. వెనక్కి పోయేది కిందికి దిగుతూ తన కోణాన్ని పెంచుకుంటుంది. ఇది అర్థమయ్యాక ఆయన పెద్ద రెక్కలను వాటి మొదలు దగ్గర తలుపు రెక్కల్లా కీళ్లకు బిగించాడు. 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర హెతాఫెలో, ఆ కీళ్లున్న సీ.4 అనే యంత్రం ఎగిరింది. కొద్ది రోజులకే గాలిలో దాని ఇంజన్ ఆగిపోయింది. అయినా కూలకుండా మెల్లగా నేలకు దిగింది. తరువాత వచ్చిన హెలికాప్టర్లకు ఆ కీలే ఆస్తి అయింది. సియెర్వా మాత్రం 1936 డిసెంబరులో, లండన్ దగ్గరి క్రాయ్‌డన్ నుంచి పొగమంచులో బయలుదేరిన మామూలు ప్రయాణికుల విమానం కూలి చనిపోయాడు.

నా నమూనాలో కీలు అంటే బొటనవేలి గోరంత వెడల్పున్న పలుచని ప్లాస్టిక్ పట్టీ. రెక్కలు మూడు, బాల్సా కర్రవి. అడుగు చదును, పై భాగం ఉబ్బు. వాటిని బిగించేటప్పుడు ముందంచు ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచాలంటే మొదట నాకు నమ్మకం కుదరలేదు. లిఫ్ట్ కావాలంటే పైకి కదా ఎత్తాలి! పైకి ఎత్తి చూశాను. గాలిలో పట్టుకుంటే రోటర్ బద్ధకంగా ఊగింది తప్ప తిరగలేదు. కిందికి వంచగానే గిర్రున అందుకుంది.

రెక్కల బరువులు సరిచూడడం మాత్రం కంసాలి పని. ఒక్కొక్క రెక్కను కత్తి అంచు మీద నిలిపి, తేలికగా ఉన్నదాని కొసకు పారదర్శక టేపు ముక్క అంటించాలి. ఒక ముక్క ఎక్కువైతే యంత్రమంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. తరువాత మొత్తాన్ని రోటర్ ఇరుసు నుంచి దారంతో వేలాడదీయాలి. ముక్కు పదీపదిహేను డిగ్రీలు కిందికి వాలాలి. వాలకపోతే బ్యాటరీని ముందుకు జరపాలి. మిగతా సరంజామా, అంటే రోటర్ తలను నాలుగు దిక్కులా వంచే రెండు సర్వోలు (రిమోట్ చెప్పినంత మేరకే తిరిగే బుల్లి మోటార్లు), ప్రొపెల్లర్ మోటారు, రిసీవరు, మామూలు రిమోట్ విమానాల్లో ఉండేవే.

అసలు పరీక్ష నేల మీదే. పొద్దున్నే గాలికి ఎదురుగా నిలబెట్టి, రోటర్‌ను పూర్తిగా వెనక్కి వాల్చి, వేలితో ఒక తిప్పు తిప్పాలి. మొదట ఒక్కో రెక్క విడిగా ‘ఫట్ ఫట్’మంటుంది. నెమ్మదిగా ముందుకు నడుపుతుంటే ఆ చప్పుళ్లు ఒకదానిలో ఒకటి కలిసి గుయ్యిమనే ఒకే మోత అవుతుంది. అప్పటిదాకా థ్రాటిల్ (మోటారు జోరును పెంచే తగ్గించే మీట) పెంచకూడదు. నేను మొదటిసారి ఆగలేకపోయాను. ఫట్ ఫట్ దశలోనే పూర్తి థ్రాటిల్ ఇచ్చాను. పైనుంచి చూస్తే నా రోటర్ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది, వెనక్కి పోయే రెక్క ఎడమ పక్కది. యంత్రం సరిగ్గా ఎడమకే తిరగబడింది. రెండు రెక్కలు విరిగాయి. కీళ్లు ఉండి ఏం లాభం, రెక్కలను చాచి పట్టుకునే వేగం రోటర్‌కు రానిస్తేనే కదా.

గాలిలోకి లేచాక అది విమానంలా ప్రవర్తించదు. థ్రాటిల్ వేగం కన్నా ఎత్తును శాసిస్తుంది. ముక్కును హఠాత్తుగా కిందికి దూకించడం ఒక్కటే ప్రాణాంతకం. రోటర్ మీది బరువు తేలిపోతుంది, గాలి కింది నుంచి రావడం ఆగుతుంది, రెక్కలు మందగిస్తాయి. మందగించిన రోటర్‌ను పైనుండగా మళ్లీ తిప్పుకునే దారి ఉండదు. థ్రాటిల్ పూర్తిగా తీసేస్తే మాత్రం భయం లేదు. మాధవీలత కాయ మూడు రెక్కలతో గిరగిరా తిరుగుతూ రాలినట్టు, ఏటవాలుగా కిందికి వస్తుంది. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తులో రిమోట్ మీది కర్రను వెనక్కి లాగితే రోటర్ వెనక్కి వాలి, ముందడుగు ఆపేసి, చక్రాలను గడ్డి మీద ఆనిస్తుంది.

దిగినా రోటర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఈ దశలో పక్కగాలి వస్తే నిలబడ్డ యంత్రాన్నే పడగొడుతుంది. అందుకే గాలికి ఎదురుగా తిప్పి నిలబెడతాను. గుయ్యిమనే మోత మళ్లీ విడివిడి చప్పుళ్లుగా మారి, ఒక్కో రెక్కా వంతులవారీగా లెక్కకు అందేదాకా దగ్గరికి వెళ్లను.