ముందు ఊపిరి వదలండి

కర్నూలు వైపు పల్లెల్లో పెరిగిన పాతతరం వారిది బావి ఈత, కాలువ ఈత. నడుముకు ఎండు సొరబుర్ర కట్టించుకుని దిగుడు బావిలోనో, సుంకేసుల నుంచి వచ్చే కె.సి. కాలువలోనో నేర్చుకున్నారు. తల నీటిపైన నిలిపి చేతులు టపటపా కొట్టుకుంటూ అవతలి గట్టు చేరడానికి ఆ విద్య చాలు. అదే మనిషి నలభై ఐదేళ్ల వయసులో డాక్టరు మాట విని ఈత కొలనులో ఫ్రీస్టైల్ (ముఖం నీటిలో పెట్టి, చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వేస్తూ ఈదే పద్ధతి) మొదలుపెడితే, 25 మీటర్లకే గోడ పట్టుకుని రొప్పుతాడు. వయసైపోయింది, దమ్ము లేదు అనుకుంటాడు. నిజానికి చాలామందికి కరువైంది దమ్ము కాదు.

ఊపిరి పీల్చాలనే ఆరాటం పుట్టేది ప్రధానంగా ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. ముఖం నీటిలో పెట్టగానే కొత్తవారు ఊపిరి బిగబడతారు. తల పక్కకు తిప్పినప్పుడు దొరికేది సెకను కూడా నిండని వ్యవధి. అంతలోనే పాత గాలి వదిలి, కొత్త గాలి పీల్చాలంటే కుదరదు. దాంతో నిండుగా ఉన్న ఊపిరితిత్తుల మీదే మరో చిన్న గుక్క తీసుకుంటారు. నాలుగైదు సార్లు ఇలా జరిగితే ఛాతీ నిండా గాలి ఉన్నా ఊపిరాడదు. ముఖం నీటిలోకి వెళ్లిన మరుక్షణం నుంచే ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూ ఉండాలి. నోరు బయటికి వచ్చేసరికి పీల్చడం ఒక్కటే మిగలాలి.

ఈ కారణంగానే, గబగబా ఊపిరి తీసి వదిలి ఆ తర్వాత నీటి అడుగున ఎంతసేపు ఉండగలమో పందెం వేసుకోవడం ప్రమాదకరం. వేగంగా శ్వాసిస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోపు ఆక్సిజన్ పడిపోయి, ఆరాటమైనా కలగకుండానే స్పృహ తప్పవచ్చు. పిల్లలు ఈ పందెం కడుతుంటే వెంటనే ఆపించండి.

ఇక తల సంగతి. మనల్ని తేల్చే బలం ఊపిరితిత్తులున్న ఛాతీ వైపు, శరీర బరువు నడుము వైపు కేంద్రీకరించి ఉంటాయి. అందువల్ల కాళ్లు మామూలుగానే కిందికి దిగజారతాయి. నాలుగైదు కిలోల తలను నీటి పైకి ఎత్తితే అవి ఇంకా దిగి, తొడలు నీటికి అడ్డం పడతాయి. నీటి సాంద్రత గాలికి దాదాపు 800 రెట్లు కాబట్టి ఆ అడ్డు చిన్నదేమీ కాదు. తల ఎత్తవలసిన అవసరం కూడా లేదు. ముందుకు సాగే తల నీటిని తోసుకుంటూ చిన్న అల లేపుతుంది, ఆ అల వెనుక దవడ పక్కన గుంట ఏర్పడుతుంది. ఒక కన్ను నీటిలోనే ఉంచి భుజంతో పాటు తల తిప్పితే నోటికి ఆ గుంటలోనే గాలి దొరుకుతుంది.

ఊపిరి దగ్గరి తప్పే చేతిని కూడా చెడగొడుతుంది. కొలను పక్కన నిలబడి ఎవరినైనా గమనించండి. కుడివైపు గాలి పీల్చేటప్పుడు, ముందుకు చాపిన ఎడమ చెయ్యి బిగుసుకుని నీటిని కిందికి నొక్కుతుంది, తలకు ఆసరా కోసం. నీటిని కిందికి నొక్కితే ఒళ్లు పైకి లేస్తుంది, ముందుకు కదలదు. ముందుకు వెళ్లాలంటే వెనక్కి తొయ్యాలి. అందుకు మోచెయ్యి ఎత్తులో ఉండి, వేళ్లు నేలను చూస్తూ, అరచెయ్యి నుంచి మోచెయ్యి దాకా అంతా ఒకే తెడ్డులా నిలబడాలి. గాలి పీల్చడం పూర్తయ్యేదాకా ఆ ముందు చెయ్యి చాపుకునే ఉండాలి.

చేతిని ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా తిప్పమని చెప్పే కోచ్‌లు ఇంకా కనిపిస్తారు. అలా పక్కలకు కదిలే అరచెయ్యి విమానం రెక్కలా పనిచేస్తుందని అమెరికా కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్ చేసిన వాదన ఒకప్పుడు బాగా ప్రచారమైంది. నీటిని నేరుగా వెనక్కి తోయడమే ముఖ్యమనే వైపు ఆ తర్వాతి అధ్యయనాలు మొగ్గాయి. నా ఓటు కూడా దానికే. అయినా ఆ పెద్దాయన అంటే నాకు గౌరవం, 1979లో 58 ఏళ్ల వయసులో ఇంగ్లిష్ ఛానల్ ఈదాడు మరి.

సాధన కాలువలో వద్దు, కాపలా ఉన్న కొలనులోనే చేయండి. మొదట గోడ పట్టుకుని బుడగలు వదలడం, పక్కకు తిరిగి పీల్చడం అలవాటు చేసుకోవాలి. మూడు బారలకోసారి పీల్చాలన్న పట్టుదల మొదట్లో అక్కరలేదు, రెండు బారలకోసారి చాలు. తర్వాత పిడికిళ్లు బిగించి కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి ఈదండి. అరచేతులు లేవు కాబట్టి, మోచెయ్యి జారిందంటే ఉన్నచోటే ఉండిపోతారు.