4,29,49,67,297: ఫెర్మా లెక్క ఎక్కడ తప్పింది?

2³²కు ఒకటి కలిపితే వచ్చేది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 2తో మొదలుపెట్టి వర్గం చేస్తూ పోతే 2, 4, 16, 256, 65,536, 2³² వస్తాయి; ఒక్కోదానికి ఒకటి కలిపితే వచ్చే వరుసలోదే ఇది. ఈ వరుసలో దీనికి ముందున్నవి 3, 5, 17, 257, 65,537. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ ధీమాతోనే ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఇక మీదట వచ్చేవీ అంతేనని 1640లో నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఆ నమ్మకాన్ని పడగొట్టాడు: ఇది 641 × 67,00,417.

దీని వర్గమూలం 65,536 పైచిలుకు. అక్కడి దాకా 6,542 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటితోనూ భాగించి చూడాలా? అక్కర్లేదు. p అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³²ను pతో భాగిస్తే శేషం −1, 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 మెట్లకోసారి తిరిగి మొదటికొస్తాయి. p−1వ ఘాతానికి శేషం ఎప్పుడూ 1 వస్తుంది, కాబట్టి p−1ని 64 భాగించి తీరాలి. ఇలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోయింది! ఇక్కడ వాడిన సూత్రం ఫెర్మా కనిపెట్టిందే కావడం తమాషా.

1878లో ఫ్రెంచి గణితవేత్త లుకాస్ p−1ని 128 కూడా భాగించాలని చూపి ఆ 64ను 128 చేశాడు. దాంతో 641కి ముందు 257 ఒక్కటే మిగిలింది. అదీ ఈ వరుసలోదే, ఈ వరుసలో ఏ రెండిటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. కనుక మొదటి భాగహారమే 641తో.

మిగిలిన 67,00,417 సంగతి? వర్గమూలం 2,588. అదే 128 నియమంతో పరీక్షించాల్సినవి 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు 44, 120, 334, 622. అది ప్రధాన సంఖ్యే.

ప్రధాన సంఖ్యలతో భాగించి చూడకుండానూ మొదటి సంఖ్యను (దాన్ని N అందాం) విడగొట్టొచ్చు. ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయొచ్చు: 65536² + 1², 62264² + 20449². ప్రధాన సంఖ్యకు అలా రెండు దారులుండవు. సరి సంఖ్యల తేడా 3272, బేసి సంఖ్యల తేడా 20448. రెండిటి గ.సా.భా. 8. దానితో భాగిస్తే 409, 2556. వాటి వర్గాలను కూడితే 67,00,417 వచ్చేస్తుంది.

2 ఆధారంగా చేసే ప్రధానతా పరీక్ష (2ను N−1 ఘాతానికి ఎత్తి Nతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడడం) మాత్రం ఇక్కడ మోసం చేస్తుంది. N−1 అంటే 2³², అది 64 గుణిజం. కాబట్టి 2ను ఆ ఘాతానికి ఎత్తితే శేషం 1 రాక తప్పదు. 3తో మొదలుపెట్టాలి: వర్గం చెయ్యడం, Nతో భాగించి శేషం ఉంచుకోవడం, ఇలా 31 సార్లు. ప్రధాన సంఖ్య అయ్యుంటే చివరికి 4,29,49,67,296 మిగలాలి. మిగిలేది 1,03,24,303.

ఈ 31 మెట్లూ ఎక్సెల్‌లో చేస్తే తప్పు వస్తుంది. మధ్యలో వర్గాలు 19, 20 అంకెలకు పోతాయి, అది 15 అంకెలే గుర్తుంచుకుంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ ఇబ్బంది లేదు. 32 బిట్ల చలరాశిలో పెడితే ఇంకా ఘోరం: N కాస్తా 1 అయిపోతుంది, దానితో ఏ సంఖ్యను భాగించినా శేషం సున్నాయే.